41, 44, 47: ఒకే ఈతలో పుట్టిన మూడు కుక్కల కేసు

వచ్చినప్పటి స్థితి

భైరవ మా రెస్క్యూకి (వదిలేసిన కుక్కల్ని చేరదీసి కొత్త ఇళ్లు వెతికే చోటు) వచ్చిన రోజు వాడి బరువు 19 కిలోలు. రెండేళ్లు దాటిన మగ జర్మన్ షెపర్డ్ 30 నుంచి 40 కిలోల మధ్య ఉండాలి. వెన్నుపూసలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. తుంటి ఎముకలు చర్మాన్ని పొడుచుకుని పైకి వచ్చినట్టున్నాయి. నిమిరితే బొచ్చు పొడిగా, గరుగ్గా తగిలింది. మనిషి మీద ఆశ మాత్రం చావలేదు. బల్ల మీద నిలబెట్టిన దగ్గర్నుంచి నా కోటు జేబులో ముక్కు పెట్టి వెతుకుతూనే ఉన్నాడు.

నేను వెటర్నరీ డాక్టర్‌ని. జర్మన్ షెపర్డ్‌ల కోసమే నడిచే ఒక చిన్న రెస్క్యూలో, కొత్తగా వచ్చే ప్రతి కుక్కనీ పరీక్ష చేసే పని 11 ఏళ్లుగా నాది. భైరవకి వచ్చిన జబ్బు మాకు కొత్త కాదు. దాని వెంట జాడ పట్టుకుని వెళ్తే బయటపడిన సంగతి మాత్రం నాకు కొత్త. అందుకే రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఊళ్లు రాయడం లేదు.

వాణ్ని తెచ్చిన ఆయన మూడో యజమాని. "ఎంత పెట్టినా ఒంటికి పట్టదు డాక్టర్ గారూ. రోజుకి ఆరేడు సార్లు బయటికి తీసుకెళ్లాలి. ఇల్లంతా కంపు. తన మలం తనే తింటున్నాడు, మా పిల్లలు దగ్గరికి కూడా రానివ్వడం లేదు" అని చెప్పి, సంతకం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. మా వాలంటీర్లు వెంటనే ఫోటోలు తీశారు. తిండి పెట్టకుండా మాడ్చి చంపబోయాడని అందరూ అనుకున్నారు. నేను కూడా సగం అలాగే అనుకున్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి రెండు వారాలు పట్టింది.

మొదట చేసినవి మామూలు పరీక్షలే. మలంలో నులిపురుగుల గుడ్లు లేవు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి లేదు. అయినా నులిపురుగుల మందు వేశాం. రక్తపరీక్షలో పెద్ద తేడా కనిపించలేదు. వాణ్ని ఇంట్లో ఉంచుకున్న ఫాస్టర్ అమ్మ ప్రతి పూటా తిండి తూకం వేసి పెట్టి, పుస్తకంలో రాసింది. మామూలు కొలతకి ఒకటిన్నర రెట్లు తిన్నాడు. రెండు వారాల తర్వాత తూస్తే ఇంకో 400 గ్రాములు తగ్గాడు.

ఆవిడ ఒక డబ్బాలో శాంపిల్ పట్టుకొచ్చింది. మూత తీయగానే సంగతి అర్థమైపోయింది. బూడిద కలిసిన పసుపు రంగు, మెత్తగా కుప్పలా ఉంది, పైన నూనె మెరుపు. తిన్న కొవ్వు తిన్నట్టే బయటికొచ్చేస్తోంది. 12 గంటలు ఖాళీ కడుపుతో ఉంచి రక్తం తీసి టీఎల్ఐ పరీక్షకి పంపాను. క్లోమం నుంచి రక్తంలోకి చేరే ట్రిప్సిన్ లాంటి పదార్థం ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. మేం పంపే ల్యాబ్ లెక్కలో లీటరుకి 5.7 మైక్రోగ్రాములు దాటితే మామూలు, 2.5 కంటే తక్కువైతే జబ్బు ఖాయం. భైరవ రిపోర్టు 1.1. బి12 కూడా బాగా తక్కువ.

దీన్ని ఈపీఐ అంటారు. జీర్ణరసాలు తయారుచేసే క్లోమం కణాలు మెల్లగా నశించిపోతాయి. జర్మన్ షెపర్డ్‌లలో శరీరం తన కణాల మీద తనే దాడి చేసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. కడుపునిండా తిన్నా అరగదు కాబట్టి కుక్క ఆకలితోనే ఉంటుంది. మలం తినడం చెడ్డ అలవాటు కాదు, ఆకలి. తిండిలో కలిపే ఎంజైమ్ పొడి ప్రతి పూటా, జీవితాంతం వెయ్యాలి. బి12 ఇంజెక్షన్ మొదట వారానికొకటి చొప్పున ఆరు వారాలు. మొదలుపెట్టిన ఐదో రోజు పొద్దున్నే ఫాస్టర్ అమ్మ ఫోన్ చేసింది. "డాక్టర్ గారూ, ఇవాళ గట్టిగా వెళ్లాడు!" అంటూ ఏడ్చినంత పని చేసింది. మూడు నెలలకి వాడి బరువు 27 కిలోలు.

చిప్ నంబర్లు

వచ్చిన రోజే చిప్ కోసం, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు నంబరు కోసం వెతికాం. భుజాల మధ్య స్కానర్‌కి ఏమీ దొరకలేదు. చిప్ కొన్నిసార్లు చర్మం కింద జారిపోతుంది కాబట్టి మెడ, ఛాతీ, ముందు కాళ్లు అన్నీ నెమ్మదిగా చూడాలి. ఎడమ మోచేతి దగ్గర కూత వినిపించింది. 15 అంకెలు, చివర 47.

ఆ నంబరు రిజిస్టర్‌లోకి ఎక్కిస్తూ మా వాలంటీర్ అమ్మాయి ఆగిపోయింది. "సార్, ఇలాంటి నంబరు నేనింతకుముందు రాశాను." పాత పేజీలు తిప్పితే రెండు దొరికాయి. మొదటి 13 అంకెలు అవే. ఒకదాని చివర 41, ఇంకోదాని చివర 44. బ్రీడర్లు చిప్‌లు ప్యాకెట్లలో కొంటారు. ఒక ఈత పిల్లలకి ఒకేసారి వేస్తే నంబర్లు వరసగా వస్తాయి. అంటే ఈ మూడూ తోబుట్టువులు కావొచ్చు. రెండేళ్ల లోపు వేరువేరు ఇళ్ల నుంచి, వేరువేరు కారణాలతో, ఒకే రెస్క్యూ గుమ్మం ఎక్కాయి.

పాత రెండు నంబర్లూ మా దగ్గర ఏడాదికి పైగా పడి ఉన్నాయి. ఎవ్వరం కలిపి చూడలేదు. ఆ తప్పు మాది, ముఖ్యంగా నాది.

41 చంద్రి. 11 నెలల వయసులో వచ్చింది. పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతేది. ఎక్స్‌రేలో కుడి తుంటి కీలు గిన్నె దాదాపు చదునుగా ఉంది, తొడ ఎముక తల సగానికి పైగా బయటే ఉంది. హిప్ డిస్‌ప్లేసియా, అంటే తుంటి కీలు సరిగ్గా ఏర్పడని జబ్బు. తొడ ఎముక తల తీసేసే ఆపరేషన్ చేశాం. రెండు నెలల ఫిజియో తర్వాత మంచి ఇంటికి వెళ్లింది. ఇప్పటికీ చలికాలంలో నొప్పి మందు కావాలి. వైద్యం పరంగా అది సూటి కేసు.

రుద్ర

44 అలా కాదు.

రుద్ర ఒంట్లో ఏ జబ్బూ లేదు. చూడ్డానికి ముగ్గురిలో వాడే అందగాడు. ఏడాదిన్నర వయసులో ఒకరు వదిలేశారు, మేం వెతికిపెట్టిన ఇల్లు 20 రోజులకే వెనక్కి పంపింది. కొత్త మనిషి తలుపు తీస్తే గోడకి అతుక్కుపోయి వణుకుతాడు. చెయ్యి చాపితే కరుస్తాడు. రెండో ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయన ముంజేతికి ఏడు కుట్లు పడ్డాయి.

తర్వాత తెలిసింది ఏమిటంటే, తోబుట్టువులు అమ్ముడుపోయాక వాడొక్కడే మిగిలిపోయాడు. ఐదో నెల దాకా పెరట్లో కట్టిన కెన్నెల్‌లోనే పెరిగాడు. తిండికి, శుభ్రానికి లోటు లేదు. కానీ కుక్కపిల్లకి మూడో వారం నుంచి 12, 14 వారాల దాకా ఉండే కాలం మళ్లీ రాదు. ఆ రోజుల్లో చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, నడిచిన నేలలు అన్నీ ప్రపంచంలో మామూలు విషయాలని మనసులో నాటుకుపోతాయి. అప్పుడు చూడనివన్నీ భయాలవుతాయి. రుద్ర ఆ పది వారాల్లో చూసినవి ఒక ఇనప తలుపు, ఒక మనిషి, ఒక చీపురు. చీపురు చప్పుడుకి మాత్రం వాడు ఇప్పటికీ తోక ఊపుతాడు.

ఇలాంటి కుక్కని ఎవరికి ఇవ్వగలం? పిల్లలున్న ఇంటికి ఇవ్వలేం. ఇంకో కుక్క ఉన్న ఇంటికి ఇవ్వలేం. అనుభవం లేనివాళ్లకి అసలే ఇవ్వలేం. మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, వాళ్ల ఇళ్లు ఇప్పటికే నిండిపోయాయి. రుద్ర మా దగ్గర 19 నెలలు ఉన్నాడు. మాకున్నవి 12 కెన్నెళ్లు. ఆరోగ్యంగా, మంచి స్వభావంతో ఉన్న కుక్క సగటున ఆరు వారాల్లో మా నుంచి ఇంటికి వెళ్లిపోతుంది. ఆ లెక్కన ఆ ఒక్క కెన్నెల్‌లో 19 నెలల్లో పదమూడు కుక్కలకి చోటు దొరికేది. ఆ పదమూడింటి కోసం ఫోన్ చేసినవాళ్లకి "ఖాళీ లేదండీ" అని చెప్పింది మా వాలంటీర్లే. రెస్క్యూ మీద భారం అంటే జనం మందుల బిల్లు అనుకుంటారు. ఆ ఫోన్ పెట్టేశాక ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూస్తే అసలు బరువు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ఏడాది మా మంచి వాలంటీర్లలో ఇద్దరు ఇక చేయలేమని మానేశారు.

రుద్రకి శాశ్వతంగా నిద్ర ఇంజెక్షన్ ఇచ్చేయాలా అని మేం రెండుసార్లు కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ మాట ఇక్కడ దాచడం న్యాయం కాదు. రెండుసార్లూ నేను ఇంకో నెల అడిగాను.

బ్రీడర్ ఇంట్లో

భైరవ చిప్ మొదటి యజమాని పేరు మీద ఉంది. ఆవిడ ఇల్లు మారుతూ వాణ్ని వేరేవాళ్లకి ఇచ్చేసింది. బ్రీడర్ నంబరు మాత్రం ఇంకా ఉంచుకుంది. ఫోన్ చేసే ముందు నాలో కోపం గట్టిగానే ఉంది. ఇరుకు బోనుల్లో ఎద ఎదకీ క్రాసింగ్ చేయించి, పాలు మరవకముందే పిల్లల్ని అమ్మేసే మనిషిని ఊహించుకుని వెళ్లాను.

ఎదురైంది వేరే మనిషి. రెండు ఆడవి, ఒక మగది, మూడూ ఇంట్లోనే తిరుగుతున్నాయి. తల్లి కుక్క నా షూ వాసన చూసి వచ్చి పక్కన పడుకుంది. వయసు ఆరేళ్లు, మూడే ఈతలు. వాటిలో ఈ మగదానితో రెండు. మొదటి ఈతలో తొమ్మిది, రెండో ఈతలో ఎనిమిది, మొత్తం 17 పిల్లలు. మా ముగ్గురూ మొదటి ఈత వాళ్లే. ఎవరికి ఏ పిల్ల వెళ్లింది, ఏ రోజు, ఎంత బరువుతో, ఏ టీకా వేయించి పంపారు అన్నీ గీతల పుస్తకంలో వరసగా రాసుకున్నారు ఆయన. చిప్ స్టిక్కర్లు కూడా అంటించి ఉన్నాయి. 41, 44, 47 దగ్గర నేను వేలు పెట్టి, ఒక్కొక్కదాని కథా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అన్నారు. "నాకు ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు సార్."

తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడిగాను. లేవు. "రెండూ బాగానే నడుస్తాయి కదా, పేపర్లు కూడా ఉన్నాయి" అన్నారు. ఈ మాట నేను ఎంతమంది దగ్గర విన్నానో లెక్కలేదు. వంశపత్రం వంశాన్ని చెబుతుంది. జర్మన్ షెపర్డ్ పేపర్లు 1899లో ఈ జాతిలో మొదటిదిగా నమోదైన హోరాండ్ ఫోన్ గ్రాఫ్రత్ దాకా వెనక్కి వెళ్తాయి. కానీ కీలు గిన్నె లోతు ఎంతో అందులో ఉండదు. చెడిన తుంటితోనూ కుక్క ఏళ్ల తరబడి మామూలుగా నడవగలదు. అందుకే మత్తిచ్చి సరిగ్గా పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేనే నమ్మాలి. అంతర్జాతీయ కెన్నెల్ సంస్థ ఎఫ్‌సీఐ పద్ధతిలో 'ఏ' (మంచిది) నుంచి 'ఈ' (బాగా చెడ్డది) దాకా గ్రేడ్ ఇస్తారు. అమెరికాలో 1966లో మొదలైన ఓఎఫ్ఏ సంస్థ కుక్కకి 24 నెలలు నిండితేనే తుది సర్టిఫికెట్ ఇస్తుంది. తర్వాతి వారం ఆయన రెండింటినీ క్లినిక్‌కి తెచ్చారు. తల్లికి బీ వచ్చింది, తండ్రికి డీ. ఆ తండ్రి అప్పటికి 17 పిల్లలకి తండ్రి.

హిప్ సంగతి ఒక రకంగా తేలిక. ఎక్స్‌రే తీయాలి, చెడ్డవాటిని పక్కన పెట్టాలి. గ్రేడ్ బాగున్న జంటకి కూడా ఒకోసారి చెడ్డ తుంటి పిల్లలు పుడతాయి, ఎందుకంటే ఇది ఒక్క జన్యువుతో తేలేది కాదు. అయినా తరం తరానికీ ఎంపిక చేస్తూ పోతే తగ్గుతుంది. వెనక కాళ్లు పడిపోయే డీజనరేటివ్ మైలోపతీకి కూడా దారి ఉంది. దానికి సంబంధించిన ఎస్ఓడీ1 జన్యువు మార్పుని 2009లో కనుక్కున్నారు. చెంప లోపల దూదిపుల్ల తిప్పి పంపితే రిపోర్టు వస్తుంది.

ఈపీఐ దగ్గరే నేను ఆగిపోయాను. దానికి జన్యు పరీక్ష లేదు. ఎక్కువగా ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు బయటపడుతుంది. అంటే పిల్లలు అమ్ముడైపోయి, ఇళ్లు మారిపోయి, అదే జంటకి ఇంకో ఈత కూడా పుట్టేశాక. తల్లికీ తండ్రికీ ఒంట్లో ఏమీ కనిపించకపోవచ్చు. కాబట్టి ఈ జంటకి మళ్లీ క్రాసింగ్ చేయించకూడదని బ్రీడర్‌కి చెప్పగలిగింది ప్రపంచంలో ఒక్కటే: పిల్లని కొన్న మనిషి చేసే ఫోన్. ఆ ఫోన్ రాకపోతే ఎంత మంచి బ్రీడర్ అయినా గుడ్డివాడే. ఆ కుక్క రెస్క్యూకి వస్తే సమాచారం మా రిజిస్టర్‌లో పాతిపెట్టినట్టే. భైరవ ఒకవేళ ఇంకెక్కడైనా చచ్చిపోయి ఉంటే, అదే జంట మూడో ఈతకి సిద్ధంగా ఉంది. ఆయనే చెప్పారు, వచ్చే ఎదకి అనుకున్నాను అని.

కుక్కని ఏ వయసులోనైనా, ఏ కారణానికైనా వెనక్కి తీసుకుంటాను అని రాసివ్వడం మంచి బ్రీడర్ లక్షణం అని మేమందరం చెబుతూ ఉంటాం. ఇన్నాళ్లూ నేను దాన్ని దయగానే చూశాను. ఇప్పుడు అది నాకు ఆరోగ్య పరీక్షలాగే కనిపిస్తోంది. వెనక్కి వచ్చే దారి తెరిచి ఉంటేనే కబురు కూడా వెనక్కి వస్తుంది. కొన్నవాళ్లు ఎందుకు ఫోన్ చెయ్యరు అంటే, కొంత సిగ్గు, కొంత గొడవ అవుతుందన్న భయం, కొంత అసలు ఆ మనిషికి చెప్పొచ్చని తట్టకపోవడం. ఆ మొదటి ఫోన్ బ్రీడరే చెయ్యాలి. పిల్ల వెళ్లిన నెలకి, ఆరు నెలలకి, తర్వాత ఏడాదికోసారి. తొమ్మిది పిల్లలంటే ఏడాదికి తొమ్మిది ఫోన్లు.

ఆయన ఆ రాత్రి నుంచే మొదలుపెట్టారు. 17 మందిలో 14 మంది దొరికారు. నాలుగు కుక్కలు మొదట కొన్నవాళ్ల దగ్గర లేవు. ఒకటి రోడ్డు ప్రమాదంలో పోయింది. రెండు కుక్కల ఇంటివాళ్లు "ఎప్పుడూ విరేచనాలే" అన్నారు. వాటిలో ఒకదానికి టీఎల్ఐ 1.8 వచ్చింది, రెండోదానికి మామూలుగానే ఉంది. 1.8 వచ్చిన ఆ కుక్క మూడో ఇంటికి మారే ప్రయత్నంలో ఉంది. ఎంజైమ్ పొడి సంగతి తెలిశాక ఆ ఇంటివాళ్లు ఉంచేసుకున్నారు. మా గుమ్మం దాకా రావాల్సిన కుక్క ఒక ఫోన్‌తో ఆగిపోయింది.

తండ్రి కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. తల్లికి కూడా, అది ఆయనకి ఎక్కువ కష్టమైంది. ఈపీఐ పిల్ల పుట్టిందంటే రెండు వైపుల నుంచీ ఏదో వచ్చి ఉండొచ్చు అని నేను చెప్పినప్పుడు, ఆయన తల్లి చెవి వెనక గోకుతూ "దీని తప్పేముంది" అన్నారు. తప్పు లేదు. అది ఇంకో ఆరేడేళ్లు హాయిగా ఆ ఇంట్లో బతుకుతుంది, పిల్లలు పెట్టదు, అంతే.

రుద్రని ఆయన తీసుకెళ్లారు. వచ్చిన రోజు మొదట కెన్నెల్ బయట నిలబడి ఏమీ మాట్లాడలేదు. మూలనున్న చీపురు తీసుకుని నేల ఊడవడం మొదలుపెట్టారు. వాడు గోడ దగ్గర్నుంచి లేచి, పొట్ట నేలకి ఆనించి, పాక్కుంటూ తలుపు దాకా వచ్చాడు. వాడు మారిపోయాడని నేను చెప్పను. బయటివాళ్లు వస్తే ఇప్పటికీ గదిలో పెడతారు, నడకకి వెళ్తే మూతికి కరవకుండా కట్టే మజిల్ ఉంటుంది. మా పన్నెండో కెన్నెల్ మాత్రం ఖాళీ అయింది. ఐదో రోజుకి మళ్లీ నిండింది.

మా దగ్గర మార్చుకున్నవి

కుక్క వచ్చిన రెండు రోజుల్లోగా బ్రీడర్‌ని వెతికి ఫోన్ చెయ్యడం ఇప్పుడు మా పద్ధతి. గొడవకి కాదు. "మీ పిల్ల మా దగ్గరుంది, తీసుకుంటారా? తీసుకోలేకపోతే దాని తల్లిదండ్రుల ఆరోగ్యం గురించి చెప్పండి" అని అడుగుతాం. సగం మంది ఫోన్ పెట్టేస్తారు. వాళ్ల మీద నాకున్న కోపం పోలేదు, పోనక్కర్లేదు కూడా. మిగతా సగం మందిని కూడా ఇన్నేళ్లూ శత్రువుల్లా చూసి దూరం చేసుకున్నాం, దానికే నాకు బాధ. చిప్ నంబర్లు వచ్చిన తేదీ వరసలో కాకుండా అంకెల వరసలో కూడా ఒక పట్టీగా పెట్టాం. దగ్గరి నంబర్లు కనిపిస్తే వెంటనే నాకు చెబుతారు. పిల్లల్ని అమ్మేటప్పుడు చిప్ రికార్డులో తమ నంబరుని రెండో కాంటాక్ట్‌గా ఉంచమని తెలిసిన బ్రీడర్లందరికీ చెబుతున్నాను. కుక్క ఎన్ని చేతులు మారినా ఆ ఒక్క నంబరు మిగులుతుంది.

ఒక విషయంలో మాకు ఇంకా తర్జనభర్జన ఉంది. ఇంటికి ఇచ్చే ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యడం రెస్క్యూల అలవాటు. జర్మన్ షెపర్డ్‌లలో ఏడాది లోపు ఆ ఆపరేషన్ చేస్తే కీళ్ల జబ్బులు ఎక్కువగా కనిపించాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2016లో చెప్పారు. చంద్రి లాంటి తుంటితో వచ్చే జాతి ఇది. అందుకని చిన్న పిల్లల్ని ఒప్పందం మీద ఇచ్చి, ఏడాది దాటాక పిలిపించి చేస్తున్నాం. ఎవరైనా మాట తప్పితే కొత్త ఈత మా వల్లే పుట్టినట్టవుతుంది. ఇప్పటిదాకా అందరూ తీసుకొచ్చారు. ప్రతి తేదీ దగ్గరపడేకొద్దీ నాకు టెన్షన్ తప్పడం లేదు.

భైరవ ఫాస్టర్ అమ్మ దగ్గరే ఉండిపోయాడు. వాడి బరువు ఇప్పుడు 31 కిలోలు. ఎంజైమ్ పొడి డబ్బా వంటింటి అలమారలో వాడికి అందనంత ఎత్తులో ఉంటుంది.

పోయిన నెల బ్రీడర్ నుంచి ఫోన్ వచ్చింది. రెండో ఈతలో పుట్టిన ఒక ఆడ కుక్కకి ఏడాదిన్నర వచ్చింది, బరువు కొంచెం తగ్గుతోందని ఆ ఇంటివాళ్లు ఆయనకి చెప్పారట. మలం ఇంకా మామూలుగానే ఉంది. రక్తం తీసి పంపాం. టీఎల్ఐ రిపోర్టు 3.4, జబ్బని చెప్పలేని, కాదని కూడా చెప్పలేని అంకె. నెల తర్వాత మళ్లీ చూడాలి. ఆ తేదీ నా డైరీలో ఉంది, ఆయన గీతల పుస్తకంలో ఉంది, ఆ ఇంటి క్యాలెండర్ మీద కూడా ఉంది.